ప్రతినిధి చూపు

మనవరాలికి చూపు తక్కువేమోనన్న అనుమానం దాలినాయుడికి బెల్లం పెనం దగ్గర వచ్చింది.

చెరకు పాకం కుతకుతా ఉడుకుతోంది. నూకరత్నం అటే నడిచి వస్తోంది. ఆరేళ్ళ పిల్ల. నడక ఆలస్యంగా వచ్చింది. మాట ఇంకా రాలేదు. పెనం కనబడితే ఆగుతుంది కదా అనుకున్నాడు. ఆగలేదు. సెగ మొహానికి తగిలాక ఆగింది. అప్పటికి తాత ఒక్క గెంతు గెంతి జబ్బ పట్టుకున్నాడు. పిల్ల ఏమీ బెదరలేదు. ఎవరిదీ చెయ్యి అన్నట్టు తడిమి చూసి, తాతదేనని తెలిశాక నవ్వింది.

ఆనాటినుంచి కనిపెట్టడం మొదలుపెట్టాడు. అన్నం కంచంలో వేలితో వెతుక్కుంటుంది. తెల్లగచ్చు మీద తెల్లగిన్నె పెడితే గిన్నె లేదనే అనుకుంటుంది. వాకిట్లో నీడ పడితే గొయ్యి అనుకుని కాలు ఎత్తి వేస్తుంది. మనిషి గొంతు విప్పితే తప్ప పోల్చుకోదు. బొమ్మ ఇస్తే ముక్కుకి ఆనించుకుంటుంది.

ఇవన్నీ ఊళ్ళోవాళ్ళూ చూశారు. బుర్ర ఎదగని గుంట, అలాగే ఉంటుంది అన్నారు. ఆ మాట ఒకటి దొరికాక ఇంక వేరే కారణం ఎవరికీ అక్కర్లేకపోయింది. జ్వరం వస్తే అదే మాట. అన్నం మానేస్తే అదే మాట. చెప్పులో ముల్లు దిగి ఏడిస్తే కూడా చెప్పు విప్పకుండా అదే మాట అన్నారు.

దాలినాయుడు వాళ్ళతో వాదించలేదు. అతను వాదించే మనిషి కాదు. కొడుకూ కోడలూ రొయ్యల కంపెనీకి పోతారు. పిల్ల భారం అతనిదే. పెనం ఉన్నచోటికి పిల్లని తీసుకెళ్ళలేడు, పిల్లని వదిలి పెనం దగ్గరికి వెళ్ళలేడు. గానుగ పని మానేశాడు. పిల్లకి కళ్ళజోడు పడితే దాని కంచం అది చూసుకుంటుంది, దాని దారి అది చూసుకుంటుంది. అతనికి కావలసింది అంతే. ఊరికి వచ్చే నర్సమ్మ కూడా, ఎదుగుదల తక్కువైన పిల్లలకి చాలామందికి కంటి లోపం ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు, పట్నం తీసుకెళ్ళమని చెప్పింది.

పట్నంలో బాల దృష్టి వికాస సంస్థ ఉంది. పెద్ద ఆవరణ. ఎడమవైపు పిల్లల విభాగం. కుడివైపు ప్రత్యేక పాఠశాల. వెనకాల, ఎవరికీ కనబడకుండా, వృద్ధుల విభాగం. మధ్యలో టీ క్యాంటీన్. గేటు మీద బోర్డు ఎంత పెద్దదంటే, అది చదవగలిగినవాడికి లోపలికి వెళ్ళే పని ఉండదు.

పిల్లల విభాగంలో ఉషశ్రీ అనే టెక్నీషియన్ ఉంది. మంచి పిల్ల. నూకరత్నాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గోడమీద అక్షరాల పటానికి బెత్తం ఆనించి, చదువమ్మా అంది. నూకరత్నం కుర్చీ దిగి వచ్చి బెత్తాన్ని వాసన చూసింది. మళ్ళీ కూర్చోబెట్టారు. మళ్ళీ వచ్చి వాసన చూసింది. సహకరించలేదు అని ఉషశ్రీ రాసింది.

"అమ్మా, గుంటకి మాటే రాదు," అన్నాడు దాలినాయుడు.

"మాట రాకపోతే పరవాలేదు తాతగారూ. అక్షరాలు వస్తే చాలు. వచ్చినవాటిని చెప్పాలి, అంతే."

నోరు కదపకుండా ఎలా చెబుతుందని అతను అడగలేదు. కంట్లోకి దీపం వేసి చూసే పద్ధతి ఏదో ఉంటుందట కదా, నర్సమ్మ అంది అని మాత్రం నెమ్మదిగా అడిగాడు. ఉషశ్రీ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. ఉందట. ఆ దీపం బీరువాలోనే ఉందట. చీకటి గదిలో పిల్ల కంట్లోకి వెలుగు వేసి, అద్దాలు మార్చి చూస్తే పిల్ల నోరు విప్పక్కర్లేకుండానే లెక్క తెలిసిపోతుందట. వెనక అలాగే చేసేవారట. తరవాత తనిఖీకి వచ్చినవాళ్ళు అభ్యంతరం పెట్టారు. దీపం తాను చూసినది చెబుతోంది, పిల్ల చూసినది ఎవరు చెప్పారు, పిల్ల ధ్రువీకరణ ఏదీ అని అడిగారు. దాంతో సంస్థ ఒక నియమం చేసుకుంది. దాని పేరు స్వముఖ ప్రకటన నియమం. ఎవరి చూపు వారే, తమ నోటితో, అక్షరాలు చదివి ప్రకటించాలి. అప్పుడే కళ్ళజోడు. దీపం బీరువాలోకి వెళ్ళింది.

డైరెక్టరు సచ్చిదానందం గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఎత్తైన మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటిమనిషి తలమీదుగా, వెనకాల సభ ఏదో ఉన్నట్టు చూస్తూ మాట్లాడతారు.

"దృష్టి అనేది స్వానుభవం," అన్నారు. "ప్రకటించని దృష్టిని సంస్థ గుర్తించజాలదు. ముందు బాలికకు అక్షరజ్ఞానం కలిగించండి. అటు పిమ్మట దృష్టి సంగతి మేము చూస్తాము."

అక్షరాలు నేర్పేచోటు ఎదురుగానే ఉంది. దాలినాయుడు పిల్లని భుజాన వేసుకుని ఆవరణ దాటాడు. ప్రత్యేక పాఠశాల పంతులమ్మ చాలా మర్యాదగా మాట్లాడింది. కళ్ళు కనబడని పిల్లకి పలకమీద అక్షరం రాసి చూపిస్తే ఏం లాభం, బోధన వృథా అవుతుంది, అందుకని కంటి పరీక్ష అయిన పిల్లల్నే చేర్చుకుంటాం అంది. అతను పిల్లని రెండో భుజానికి మార్చుకుని మళ్ళీ ఆవరణ దాటాడు.

అలా దాటేవాళ్ళు అతనొక్కడే కాదు. అందరూ మధ్యలో క్యాంటీన్ దగ్గర తేలుతున్నారు. సన్నెమ్మ అనే ముసలావిడ అక్కడ అందరికంటే పాతకాపు. మనవడు ఈశ్వరుని చంకనేసుకుని ఎంతకాలంగా తిరుగుతోందంటే, టీ మాస్టరు ఆవిడ వచ్చేది చూసి అడక్కుండానే పంచదార తగ్గించి పోస్తాడు. దాలినాయుణ్ణి చూడగానే జరిగి చోటిచ్చింది.

"కూకో బావా. ఆలు ఈలకి పంపుతారు, ఈలు ఆలకి పంపుతారు. నడక మనకీ మంచిదే."

ఈ జనం పెరిగి పెరిగి డైరెక్టరు గారి కారుకి అడ్డం వచ్చారు. అప్పుడు ఆయన దృష్టికి వచ్చారు. ఎవరు వీళ్ళు అని అడిగి, పెండింగు అని తెలుసుకుని, చాలా బాధపడ్డారు. సంస్థలో పెండింగు ఉండడం ఆయనకి గిట్టదు. ఆ సాయంత్రం బాగా ఆలోచించారట. పింఛను డబ్బు ముసలివాడు రాలేకపోతే కొడుకు తీసుకుంటున్నాడు. రేషను బియ్యం తల్లి రాకపోతే కూతురు వేలిముద్ర వేస్తోంది. అన్నిటికీ ప్రతినిధి చెల్లుతున్నప్పుడు చూపుకి ఎందుకు చెల్లడు? మర్నాడు క్యాంటీన్ దగ్గర మైకులో సర్క్యులర్ చదివారు.

"స్వయముగా ప్రకటించలేని ఏ రోగి తరపుననైనను ఒక ప్రతినిధి అక్షర పఠనము చేయవచ్చును. ప్రతినిధి దృష్టియే రోగి దృష్టిగా పరిగణింపబడును."

జనం చప్పట్లు కొట్టారు. ఏమిటో ఒకటి కదిలింది కదా అని.

చిక్కు ఏమిటంటే, క్యాంటీన్ దగ్గర ఉన్న తాతలూ అమ్మమ్మల్లో అక్షరాలు వచ్చినవాళ్ళు తక్కువ. సంస్థ దానికీ దారి చూపింది. చదువురాని ప్రతినిధి ఒక ఉపప్రతినిధిని పెట్టుకోవచ్చు. అందరికీ అందుబాటులో ఉన్నవాడు టీ మాస్టరు. కుర్రాడు. డేగ కళ్ళు. ఒకరి తరపున చదివాడు, ఇద్దరి తరపున చదివాడు, తరవాత పటం కంఠతా వచ్చేసి, గ్లాసులు కడుగుతూ వెనక్కి తిరక్కుండానే చదివేశాడు. పిల్లలందరి చూపూ దివ్యంగా ఉందని తేలింది. సన్నెమ్మ మనవడి చూపు అందరికంటే బాగుందని కాగితం ఇచ్చారు. ఆ కాగితం ఇచ్చేటప్పటికి ఈశ్వరు తన బిస్కట్టులో సగం విరిచి, అమ్మమ్మ అనుకుని, నీళ్ళ డ్రమ్ముకి పెడుతున్నాడు.

దాలినాయుడు అది చూశాడు. చూపు బాగుందని ఒకసారి కాగితం వస్తే ఇంక ఈ జన్మకి కళ్ళజోడు రాదని అతనికి అర్థమైంది. తన వంతు వచ్చినప్పుడు టీ మాస్టరు చెయ్యి తుడుచుకుంటూ రాబోతే, వద్దన్నాడు.

"నానే సదువుతాను."

చిన్నప్పుడు బడికి పోయిన నాలుగు రోజుల పుణ్యాన కొన్ని అక్షరాలు తెలుసు. పై వరస చదివాడు. దాని కింది వరస మసక. ఆ కిందది గోడే. తెలియదమ్మా అన్నాడు. కనబడనిది కనబడలేదని చెప్పే మనిషి దొరికాడని ఉషశ్రీ సంతోషించింది. అతను అటూ ఇటూ అద్దాలు మార్పించుకున్నాడు, ఏది బాగుందో చెప్పాడు. సంస్థ లెక్క ప్రకారం నూకరత్నం తన చూపు తాను ప్రకటించింది.

కళ్ళజోడు వచ్చింది. గులాబిరంగు ఫ్రేము. కాడల మీద కుందేళ్ళు. వెనకాల జారిపోకుండా సాగే పట్టీ. దాలినాయుడు మనవరాలి ముక్కుమీద పెట్టి ఊపిరి బిగబట్టాడు. నూకరత్నం ఒక్క క్షణం ఉంచుకుంది. పీకి విసిరేసింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ విసిరింది. మూడోసారి పెట్టబోతే తాత చేతిని కొరికింది. పాపం దాని తప్పేముంది, అరవై దాటిన కళ్ళకి నూరిన అద్దాలు అవి.

బల్ల కింద దూరి కళ్ళజోడు తీసి తుడుస్తూ అతను కూలబడ్డాడు. ఇన్నాళ్ళ తిరుగుడూ ఆ గులాబీ ఫ్రేములో ఉంది. పిల్లకి మాత్రం ఏమీ ఒరగలేదు.

అతన్ని చూసి తామే చదివి కళ్ళజోళ్ళు తెచ్చుకున్న తాతల మనవలు కూడా అందరూ అలాగే విసిరేశారు. క్యాంటీన్ దగ్గర కళ్ళజోళ్ళు ఏరుకోవడమే పనైంది. ఇది కూడా డైరెక్టరు గారి దృష్టికి వెళ్ళింది. ఇంకొకరైతే అద్దాలు సరిపడలేదేమో అనుకునేవారు. ఆయన అంత తేలిగ్గా పోలేదు. సమావేశం పెట్టారు. చదివింది ఒకరు, ధరించేది ఇంకొకరు అవుతున్నారు, ఇదీ అసలు లోపం, ప్రతినిధిత్వాన్ని మనం సగంలో వదిలేశాం అన్నారు. రెండో సర్క్యులర్ వచ్చింది. పరీక్షకి నిలిచిన ప్రతినిధే రోగి తరపున కళ్ళజోడు ధరించాలి. ధరించకపోతే వెనక్కి తీసుకోబడును.

మర్నాటినుంచి ఆవరణ కళకళలాడింది. తాతలందరూ గులాబిరంగు కళ్ళజోళ్ళు పెట్టుకున్నారు. టీ మాస్టరు చదువు విని విని పై వరస నోటికి వచ్చేసిన ముసలమ్మలు కూడా, అతను చదివితే వచ్చిన పాత కాగితాలన్నీ వెనక్కిచ్చేసి, స్వయంగా చదువుతామని వరస కట్టారు. సన్నెమ్మకి పచ్చరంగుది వచ్చింది, దానిమీద బాతుపిల్లలు.

"బావా, కుందేళ్ళు నీకు బాగా నప్పాయి. సంబంధం సూడమంటావేటి?"

"ముందు నీ బాతుల్ని తోలుకోవే," అన్నాడు దాలినాయుడు.

ఉన్నమాట చెప్పాలంటే కళ్ళజోడు అతనికి బాగానే ఉంది. బస్సు బోర్డు కనబడుతోంది. కరెంటు తీగమీద కాకి ఎటు చూస్తోందో కనబడుతోంది. తన చొక్కాకి ఎన్నాళ్ళనుంచో ఉన్న ఒక గుండీ వేరే రంగుదని కనబడింది. మురిపెంగానే ఉంది. ఆ మురిపెంలోనే చంకలో పిల్ల మొహం కూడా స్పష్టంగా కనబడింది. అది ఎటూ చూడకుండా, గొంతులు వింటూ, తల ఒక పక్కకి వాల్చి ఉంది. అతను కళ్ళజోడు తీసేసి జేబులో పెట్టుకున్నాడు. వెంటనే గేటు దగ్గర పర్యవేక్షకుడు, పెద్దాయనా, మీ మనవరాలి చూపు జేబులో పెట్టుకోకూడదు అని మళ్ళీ పెట్టించాడు.

సంస్థ అక్కడితో ఆగలేదు. చూపు మందగించిన పిల్లలకి వ్యాయామాలు ఉంటాయి. రంగు బంతి ఎటు పోతే అటు చూడాలి. ఎర్ర బిళ్ళలూ నీలం బిళ్ళలూ వేరు చెయ్యాలి. ప్రతినిధి దృష్టే రోగి దృష్టి కాబట్టి ఇవి కూడా ప్రతినిధులే చెయ్యాలి. దాలినాయుడి మోకాళ్ళు గడ్డానికి ఆనేటంత చిన్న కుర్చీలో అతన్ని కూర్చోబెట్టారు. పక్కన ఇంకో చిన్న కుర్చీలో సన్నెమ్మ. ఎదురుగా ఉషశ్రీ బెలూను పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తే, ముసలివాళ్ళందరూ తలలు తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పాలి. పిల్లలు కిటికీ అవతల వరండాలో పడి నిద్రపోయారు. బిళ్ళలు వేరుచెయ్యడంలో సన్నెమ్మ మొదట వచ్చింది. మెచ్చుకుని చేతిమీద నక్షత్రం గుర్తు వేశారు. ఆవిడ రెండురోజులు ఆ చెయ్యి కడుక్కోలేదు.

ఫలితాలు చాలా బాగున్నాయి. జిల్లాలో ఎదుగుదల తక్కువైన పిల్లల చూపు ఇంత వేగంగా మెరుగుపడడం ఎప్పుడూ లేదని డైరెక్టరు గారు పైకి రాశారు. పైనుంచి పురస్కారం ఇస్తామని జవాబు వచ్చింది. ఆ సంతోషంలో ప్రతినిధులందరినీ హాల్లో కూర్చోబెట్టి ఉపన్యసించారు. వచ్చే సోమవారంతో మీ పిల్లల దృష్టి సంపూర్ణంగా సరిచెయ్యబడినట్టు ప్రకటించి అన్ని కేసులూ మూసివేస్తాం, మూసిన కేసు మళ్ళీ తెరిచే పద్ధతి మన సంస్థలో లేదు అన్నారు.

దాలినాయుడు కుర్చీలోంచి లేచాడు. సభలో లేచి నిలబడడం అతనికి అదే మొదలు.

"బాబుగారూ, నాకు కనపడతంది. గుంటకి కనపడ్డం నేదు."

డైరెక్టరు గారు కోప్పడలేదు. తెలియనివాడికి తెలియజెప్పే ఓర్పుతో నవ్వారు.

"నాయుడూ, ప్రతినిధి అంటే ఎవరు? ఆ మనిషి వచ్చినట్టే. ఆ మనిషి చూసినట్టే. నీవు వేరు, నీ మనవరాలు వేరు అనే భేదభావం నియమ దృష్టిలో లేదు. దాన్ని నీ మనసులోంచి కూడా తొలగించుకో."

దాలినాయుడు కూర్చున్నాడు. బస్సులో ఇంటికి వెళ్తూ తొలగించుకోవడానికి ప్రయత్నించాడు. ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది. తను వేరు కాదు, పిల్ల వేరు కాదు. తను చదివితే అది చదివినట్టే. తను పెట్టుకుంటే అది పెట్టుకున్నట్టే. సరే. నియమం పెద్దవాళ్ళు రాసింది, తప్పు అయ్యుండదు. అలా ఎటునుంచి చూసినా సరిపోతున్న నియమాన్ని రెండోవైపు నుంచి కూడా చూశాడు. అటునుంచీ సరిపోయింది. మన స్టాపు దాటిపోయిందయ్యా అని కండక్టరు అరిచేదాకా అదే ఆలోచన.

సోమవారం ఇంకా రాలేదు. మర్నాడు పొద్దున్నే పిల్లకి తలదువ్వి, మంచి గౌను వేసి పట్నం తీసుకెళ్ళాడు. పిల్లల విభాగం వైపు చూడలేదు. నేరుగా వెనకాల వృద్ధుల విభాగానికి వెళ్ళాడు. అక్కడ డాక్టరు మెహరున్నీసా ఉంది. చిన్న వయసు. అక్కడ ముసలివాళ్ళకి చెవులు వినబడవు, మాట ముద్దగా ఉంటుంది, సగంమందికి చదువు లేదు కాబట్టి దీపం వేసి చూడడం ఇప్పటికీ నడుస్తోంది. ఆ విభాగం ఎవరికీ కనబడదు గనక తనిఖీవాళ్ళకి కూడా కనబడలేదు.

"ఎవరికి చూడాలి?" అంది డాక్టరమ్మ.

"నాకు తల్లీ. దాలినాయుడు."

"కూర్చోండి."

"నాను రానేదమ్మా. నా ప్రతినిధి వచ్చింది." మనవరాల్ని కుర్చీలో కూర్చోబెట్టాడు.

డాక్టరమ్మ అతన్నీ పిల్లనీ మార్చి మార్చి చూసింది. "మీరు ఎదురుగానే ఉన్నారు కదా?"

"నాను ఈ గుంట ప్రతినిధిగా వచ్చినాను. నా తరపున ఈ గుంట వచ్చింది."

గోడమీద అంటించిన సర్క్యులర్ దగ్గరికి ఆవిడ వెళ్ళి, నిదానంగా, వేలు పెట్టి చదువుకుంది. స్వయముగా ప్రకటించలేని అని ఉంది, రానివాడు ఎలాగూ ప్రకటించలేడు. ఏ రోగి తరపుననైనను అని ఉంది. వయసు రాసిలేదు. ప్రతినిధి పెద్దవాడై ఉండాలని ఎక్కడా లేదు. ఆవిడ తిరిగి వచ్చి కుర్చీ ముందుకి లాక్కుంది. మొహంలో నవ్వు లేదు. నవ్వు లేకుండా ఉండడానికి కష్టపడుతోందని మాత్రం తెలుస్తోంది.

"సరే నాయుడు గారూ. మీ కళ్ళల్లో చుక్కలు వేస్తాను. కొంచెం మండుతుంది, మీరు ఏడవకూడదు."

నూకరత్నం ఏడ్చింది. తాత ఎత్తుకుని తిప్పాడు. చుక్కలు పనిచేశాక చీకటి గదిలోకి తీసుకెళ్ళి డాక్టరమ్మ దీపం వేసింది. పిల్ల దీపం వైపు తిరిగి కిలకిలా నవ్వింది. ఆ గదిలో దానికి చూడదగ్గది ఒక్కటే ఉంది, దాన్నే చూసింది. డాక్టరమ్మ దాని కంటి ముందు అద్దం తరవాత అద్దం ఆడిస్తూ, తనలో తాను అంకెలు అనుకుంటూ, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చూసింది. చూస్తున్నకొద్దీ ఆవిడ మొహం మారింది. లైటు వేసి, పిల్లతోటి కాదు, అతని మొహంలోకి చూస్తూ అడిగింది.

"నాయుడు గారూ, మీకు మూరెడు దూరం అవతల ఏమీ తెలియదు. ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారు?"

దాలినాయుడు పిల్ల వేళ్ళు చేతిలోకి తీసుకున్నాడు.

"తడుముకుని, తల్లీ."

ఆవిడ చీటీ మీద అంకెలు వేసింది. తరవాత అతనికి జాగ్రత్తలు చెప్పింది. రోగి అతనే కాబట్టి అన్నీ అతని పేరు మీదే చెప్పింది. కళ్ళజోడు పెట్టగానే మీకు అంతా తెలిసిపోదు, చూసినది బుర్రకి ఎక్కడానికి మీకు కొంచెం సమయం పడుతుంది, తొందరపెట్టకండి. మీ ముందు ఒకేసారి పది వస్తువులు పెట్టించుకోకండి. అన్నం తెల్లకంచంలో కాకుండా ముదురురంగు కంచంలో తినండి. కళ్ళజోడు చీకాకు పెడితే తీసి, కాసేపాగి మళ్ళీ పెట్టుకోండి. ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి. దాలినాయుడు ప్రతి మాటకీ తల ఊపాడు.

కళ్ళజోడు తయారై శనివారానికి వచ్చింది. వృద్ధుల విభాగంలో కుందేళ్ళు ఉండవు. నల్లటి, మోతుబరి ఫ్రేము. పిల్ల మొహానికి తగ్గట్టు కుదించారు. క్యాంటీన్ బల్ల మీద కూర్చోబెట్టి అతను పెట్టాడు. చుట్టూ ముసలివాళ్ళు గులాబీ కళ్ళజోళ్ళతో మూగారు.

నూకరత్నం చెయ్యి పీకెయ్యడానికి పైకి లేచింది. సగంలో ఆగింది.

ఎదురుగా ఏదో ఉంది. దాన్ని చూసింది. చాలాసేపు చూసింది. అది తాత మొహం. తెల్ల మీసాలు, ముక్కు పక్కన పులిపిరి, గులాబిరంగు ఫ్రేము. ఎవరీ మనిషి అన్నట్టు నుదురు ముడిచింది. దాలినాయుడికి ఏం చెయ్యాలో తోచక, "నానే," అన్నాడు. గొంతు వినగానే పిల్ల మొహం విచ్చుకుంది. రెండుచేతులా అతని మీసం పట్టుకుని ఒకసారి లాగి, చూసి, నవ్వి, మళ్ళీ లాగింది.

"ఓలమ్మ, పోల్చుకుంది," అంది సన్నెమ్మ. బాతుపిల్లల కింద ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

తరవాత నూకరత్నం తల పైకెత్తి క్యాంటీన్ పంకా చూసింది. అది తిరుగుతోందని కనిపెట్టి, దాంతోపాటు తల తిప్పి తిప్పి తూలి బల్లమీద పడింది. కళ్ళజోడు మాత్రం వదల్లేదు.

అంత గోల జరిగితే డైరెక్టరు గారికి తెలియకుండా ఎలా ఉంటుంది? దాలినాయుణ్ణి పిలిపించారు. అతను పిల్లని గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. అడిగితే మీసం ఇస్తాడు, కళ్ళజోడు ఇవ్వడు. ఆ నిర్ణయానికి వచ్చే లోపలికి వెళ్ళాడు.

డైరెక్టరు గారు బల్లమీద రెండు సర్క్యులర్లూ పరిచి ఉంచారు. ఒక దానిలో వెతికారు, రెండోదానిలో వెతికారు. రోగి ప్రతినిధిని పంపవచ్చు. పంపాడు. ప్రతినిధి దృష్టే రోగి దృష్టి. అలాగే చూశారు. పరీక్షకి నిలిచిన ప్రతినిధే ధరించాలి. ధరించింది. ఎక్కడా ఒక్క చుక్క తప్పు లేదు. వెతికినకొద్దీ ఆయన మొహంలో అనుమానం పోయి ఆనందం వచ్చింది. తాను రాసిన నియమాన్ని ఇంత పొల్లుపోకుండా పాటించిన మనిషిని ఆయన ఉద్యోగంలో చూడలేదు.

"ముసలివారి దృష్టి సమస్య కూడా మన పథకంలోకి వచ్చేస్తోంది కదయ్యా," అన్నారు, వెనకాల సభ ఏదో ఉన్నట్టు దూరంగా చూస్తూ. "ఇది నాకే తోచవలసింది."

నిజానికి తనకే తోచిందని ఆదివారానికల్లా ఆయనకి నమ్మకం కుదిరింది. సోమవారం కేసులు మూయలేదు. మూడో సర్క్యులర్ వచ్చింది, పరస్పర ప్రతినిధిత్వం అని. పిల్లలకి పెద్దలు ప్రతినిధులు, పెద్దలకి పిల్లలు ప్రతినిధులు. క్యాంటీన్ దగ్గర జనమంతా పిల్లల్ని చంకనేసుకుని వృద్ధుల విభాగం వైపు కదిలారు. డాక్టరు మెహరున్నీసా పొద్దుటినుంచి సాయంత్రందాకా ముసలివాళ్ళ పేర్లు పిలిచి పిల్లల కళ్ళల్లో దీపం వేసింది. ఉషశ్రీ తన బీరువాలోని దీపం కూడా తుడిచి ఆవిడకి సాయం వెళ్ళింది. కొందరికి అద్దాలు పడ్డాయి. ఒకరికి మెల్లకన్ను కనిపెట్టి ఆపరేషనుకి రాశారు. కొందరికి కళ్ళల్లో లోపం లేదు, చూసినదాన్ని బుర్ర అందుకోవడంలో ఉంది, అలాంటివాళ్ళకి ఇంట్లో ఎలా మెలగాలో చెప్పి పంపారు. సన్నెమ్మ పేరుమీద ఈశ్వరుకి కళ్ళజోడు వచ్చింది. వాడు దాన్ని పెట్టుకుని అమ్మమ్మని వదిలి టీ మాస్టరు బిస్కట్ల సీసా దగ్గరికి సూటిగా నడిచివెళ్ళాడు.

పురస్కార సభ ఘనంగా జరిగింది. జిల్లాలో వార్ధక్యం వల్ల వచ్చే చూపు మందం మన సంస్థ చేతుల్లో వెనక్కి తగ్గిందని డైరెక్టరు గారు ప్రసంగించారు. అరవై ఏడేళ్ళ దాలినాయుడికి చంటిపిల్లల కళ్ళలాంటి కళ్ళు వచ్చాయని ఉదాహరణ చెప్పారు. ముందు వరసలో దాలినాయుడు కుందేళ్ళ కళ్ళజోడుతో లేచి దణ్ణం పెట్టాడు.

ఆ తరవాత ఒకరోజు పర్యవేక్షకుడు ఊరికి తనిఖీకి వచ్చాడు. దాలినాయుడు వాకిట్లో మంచంమీద కూర్చుని కందికాయ ఒలుస్తున్నాడు. వచ్చినతను కాగితం తీసి చూశాడు.

"మనవరాలి తరపున మీరు పెట్టుకున్నది కనబడుతోంది. బాగుంది. మీ పేరుమీద ఇంకో కళ్ళజోడు ఇచ్చాం. నల్లది. అదేది పెద్దాయనా? వాడుతున్నారా లేదా?"

"పొద్దు పొడిసిన కాణ్ణించీ వాడతన్నాను బాబూ."

"ఎక్కడ మరి?"

దాలినాయుడు కందికాయ ఉన్న చేత్తోనే చూపించాడు.

"అదిగో. కోడిపిల్ల ఎనకాల పరిగెడతంది."

పర్యవేక్షకుడు అటు తిరిగి చూశాడు. కోడిపిల్ల పొయ్యిగట్టు చుట్టూ తిరిగింది. నూకరత్నం కూడా తిరిగింది. కోడిపిల్ల చటుక్కున ఎడమకి మళ్ళితే నూకరత్నం దానికంటే ముందే ఎడమకి మళ్ళింది. అతను కలం తీసి, దాలినాయుడు, అరవై ఏడు, చూపు చురుగ్గా ఉంది అని రాసుకుని, సంతకం పెట్టమన్నాడు.

"కొంచెం ఆగు బాబూ," అన్నాడు దాలినాయుడు. "ఇప్పుడు నాకు తీరిక నేదు. దాన్ని పట్టుకోనీ."